బొగ్గు మీద ఊపిరి

ఊరి నోరు మూయించలేం అంటారు.
నాకు ఊరి నోటితో పని లేదు.
తిన్నది అరిగాక ఊరు వదిలేసేదే
పైపుల్లోంచి నా దగ్గరికొస్తుంది.

సోమవారం పొద్దున నీళ్ళు చిక్కగా ఉంటాయి:
నిన్న ఇంటింటా తెల్ల చిక్కుడు గింజలు, పంది కొవ్వు.
జాతర మర్నాడు యాపిల్ సైడర్ పులుపు.
బళ్ళు తెరిచే ముందురోజు బ్లీచింగ్ వాసన.
ఆ రోజు నా పెట్టెలు ముఖం మాడ్చుకుంటాయి.

ఇరవై నాలుగు పెట్టెలు,
నలోన్ నది ఒడ్డున, ఒకప్పుడు బొగ్గు కడిగిన షెడ్డులో.
ఒక్కోదాన్లో కంబళి ముక్కలా నల్లటి కార్బన్ ఫెల్టు,
దాని వెన్నులోంచి టైటానియం తీగ,
ఫెల్టు మీద ఎర్రగా, జిగటగా ఓ పొర.
ఆ పొరకి లాటిన్‌లో పేరుంది, మేం వాడం.
"వీళ్ళు తిన్నారు" అంటుంది షోవిత,
రాత్రి డ్యూటీ నాకు అప్పగిస్తూ.

మా నాన్న బెలర్మీనో ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఈ కొండ కడుపులోకి దిగాడు, ఎక్కాడు.
కొండ కూడా ఆయన ఊపిరితిత్తుల్లోకి దిగింది.
అది ఎక్కలేదు.
ఇప్పుడో చిన్న చక్రాల సిలిండరు
పెంపుడు కుక్కలా ఆయన వెంట నడుస్తుంది.

మార్చిలో ఒకరోజు చూడ్డానికొచ్చాడు.
"ఇంతకీ ఎన్ని బల్బులు వెలుగుతాయి?"
పెట్టెకి అర వోల్టు కూడా రాదు నాన్నా,
అన్నీ కలిస్తే ఈ మీటరు, ఆ మూల చిన్న పంకా.
"దీనికా అంత చదువు!"

లెక్క వెలుగుది కాదని చెప్పాను.
పాత తొట్టెల్లో రాత్రింబవళ్ళు గాలి ఊదే మోటార్లు,
వాటికి ఊరు కట్టే కరెంటు బిల్లు,
వీళ్ళకి ఆ గాలి అక్కర్లేకపోవడం.
మురికి తిని, తిన్నదాన్లోని నిప్పుని
వీళ్ళు నల్ల కంబళికి అప్పగిస్తారు.
గాలికి బదులు బొగ్గు మీద ఊపిరి వదులుతారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
సిలిండరు మాత్రం సన్నగా బుసకొట్టింది.
"గాలి మర ఆగితే," అన్నాడు చివరికి,
"మేం పలుగూ పారా అక్కడే పడేసి పరుగెత్తేవాళ్ళం."
మళ్ళీ కాసేపటికి,
"బొగ్గు మీద ఊపిరా. నాకెవరూ నేర్పలేదే."
నవ్వుతాడనుకున్నాను.
దగ్గాడు.

పదిహేడో పెట్టె అప్పటికి తొమ్మిది రోజులుగా మంచాన పడింది.
ముల్లు సున్నా పక్కన కూర్చుని లేవదు.
తీగ మార్చాను. పులుపు కొలిచాను.
పక్క పెట్టెలోంచి గరిటెడు బురద తెచ్చి
పాలకి తోడేసినట్టు వేశాను.
ఊహూఁ.

ఆయన వేలు నోట్లో పెట్టుకుని తడిచేశాడు.
నాన్నా, ఇది మురుగు షెడ్డు, అని నేను అరిచేలోపే
ఆ వేలిని మూత అంచు వెంట నడిపించాడు,
చీకట్లో గోడ తడుముతూ దారి వెతికే వాడి తీరున,
నాలుగో బోల్టు దగ్గర ఆపాడు.
"ఇక్కడ చల్లగా ఉంది. గాలి లోపలికి పోతోంది."

రబ్బరులో వెంట్రుకవాసి చీలిక.
ఆ సిలిండరులో ఉన్నదే, పదిహేడుకి జబ్బు.

రబ్బరు మార్చాను.
గురువారం ముప్ఫై మిల్లీవోల్టులు. శనివారం నూట పది.
చివరి గొట్టం కింద గ్లాసు పట్టి చూస్తే
కడిగిన ముత్యమేం కాదు, పలచని టీ రంగు.
ఇంకో వడపోత తర్వాత నదిలో కలపొచ్చు.
ఆయన కుర్రతనంలో ఆ నది
బూటు పాలిష్‌లా పారేదట.

ఇప్పుడు రోజూ ఫోను చేస్తాడు.
తిన్నావా అనడు. వాన పడుతోందా అనడు.
"పదిహేడు?"
మూడువందల నలభై, అంటాను.
అవతల కాసేపు బుస, బుస.

"నిన్న మీ అమ్మ సింకులో బ్లీచింగ్ పోయబోయింది.
సీసా లాక్కున్నాను."